స్టీరింగ్ ఊగుతోందంటే ‘మీకలా అనిపిస్తోంది మేడమ్’ అన్నారు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కార్ల పేజీ వదలకుండా చదువుతాను. కొత్త మోడల్‌కు సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, లీటరుకు ఎంత ఇస్తుంది, ఇవన్నీ వస్తాయి. కానీ మనలో ఎక్కువమంది నడిపేది ఏడెనిమిదేళ్ల పాత కారు. దాన్ని ఎక్కడో గుద్దుకుని గ్యారేజీలో వేసి, రిపేరయ్యాక ఇంటికి తెచ్చుకున్న రోజున ఏం చూసుకోవాలో మాత్రం ఒక్కసారీ రాయలేదు. నాకు ఆ అవసరం పడింది. నాలుగు నెలలు తిరిగాను, డబ్బులు పోయాయి, చివరికి తెలిసింది. ఇంకొకరు ఇన్ని నెలలు తిరగకూడదని రాస్తున్నాను, ఉత్తరం పొడుగైతే ఏమనుకోవద్దు.

నేను బోడుప్పల్‌లో ఉంటాను, భువనగిరిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రోజూ వరంగల్ హైవే మీద రానుపోను 70 కిలోమీటర్ల పైనే. కారు 2017లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. గత సెప్టెంబరులో ఒక రాత్రి ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి మేడిపల్లి వైపు వస్తున్నాను, వాన కుండపోత. ఆ రోడ్డు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు నిండిన గుంత గుంతలా కనపడదు, రోడ్డులాగే మెరుస్తుంటుంది. ఎడమ ముందు చక్రం అందులో దిగబడి, ఎగిరి, పక్కనున్న డివైడర్ రాయికి అడ్డంగా కొట్టుకుంది. నాకేం కాలేదు. బంపర్ పగిలింది, చక్రం లోపలికి మడిచినట్టు వంకరపోయింది. బండిని లాక్కెళ్లి ఇన్సూరెన్స్ వాళ్ల జాబితాలో ఉన్న ఒక పెద్ద గ్యారేజీలో పెట్టారు. పేరు రాయను, ఎందుకంటే ఈ కథ ఒక్క గ్యారేజీది కాదు. స్టాఫ్‌రూమ్‌లో చెబితే ముగ్గురు ‘మాదీ అంతే’ అన్నారు.

పంతొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఎడమ వైపు చక్రాన్ని బండికీ స్టీరింగ్‌కూ కలిపే లోయర్ ఆర్మ్, స్ట్రట్, లింక్ రాడ్, టై రాడ్ ఎండ్, ఇంకా చక్రం సాఫీగా తిరగడానికి ఉండే బేరింగ్, ఒక రిమ్ము, బంపర్ మార్చినట్టు బిల్లులో ఉంది. బండికి ఐదేళ్లు దాటాయి కాబట్టి ఇనుప పార్టుల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు వాటి మీద 50 శాతం తరుగు కింద నేనే కట్టాను, అది పాలసీలో ఉన్న నిబంధనే, దానిమీద నాకు గొడవేం లేదు. తాళాలు ఇచ్చేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు, “మేడమ్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, పదికి పది ఇవ్వండి ప్లీజ్” అన్నాడు. బండి తళతళలాడుతోంది. ఇచ్చేశాను కూడా.

మర్నాడు ఘట్‌కేసర్ దాటాక మొదలైంది. 80 దాటగానే స్టీరింగ్ సన్నగా వణికింది. బెంచీ మీద సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌కు రింగ్ వస్తే బెంచీ ఎలా గుర్రుమంటుందో అలా. 90 దగ్గర చేతి ఉంగరం స్టీరింగ్‌కు తగిలి టకటకమని కొట్టుకోవడం వినపడింది. 105 దాటిస్తే మాయం! మళ్లీ తగ్గిస్తే మళ్లీ వచ్చింది. రోడ్డు బాగోలేదేమో అనుకున్నాను, సాయంత్రం తిరుగు ప్రయాణంలో అవతలి వైపు రోడ్డు మీదా అదే.

ఆ వారమే గ్యారేజీకి వెళ్లాను. అడ్వైజర్ బండి ఎక్కలేదు, నన్నూ ఏమీ అడగలేదు, “అలైన్‌మెంట్ ఒకసారి చేయిద్దాం మేడమ్” అన్నాడు. చేశారు. రంగురంగుల కాగితం ఇచ్చారు, గడులన్నీ పచ్చగా ఉన్నాయి. మర్నాడు అదే వణుకు. మళ్లీ వెళ్లాను, మళ్లీ అలైన్‌మెంట్. ఈసారి గ్యారేజీ ముందు సర్వీస్ రోడ్డు మీద 40లో ఒక రౌండ్ వేసి వచ్చి “ఏం లేదు మేడమ్, మీకలా అనిపిస్తోంది” అన్నాడు. 90లో వచ్చేది 40లో ఎలా కనపడుతుంది? జ్వరం సాయంత్రం వస్తోందంటే పొద్దున థర్మామీటర్ పెట్టి పంపించేసినట్టుంది. మూడోసారి వెళితే “సార్‌ని ఒకసారి పంపండి మేడమ్” అన్నాడు. మా సార్‌కు డ్రైవింగే రాదని చెప్పాను. అతనికి నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఊరంతా ఇందులోనే డబ్బు పోగొట్టుకుంటోంది. అలైన్‌మెంట్ వేరు, బ్యాలెన్సింగ్ వేరు. చక్రాలు ఎటు చూస్తున్నాయి, నిటారుగా ఉన్నాయా, వాలి ఉన్నాయా అన్నది అలైన్‌మెంట్. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచు ముందు అరిగిపోతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. అంతేగానీ 80కి మొదలై 105కి పోయే వణుకు దానివల్ల సాధారణంగా రాదు. ఒక చక్రం తిరిగేటప్పుడు ఒక పక్క బరువెక్కువై ఉంటేనో, గుండ్రంగా లేకుంటేనో వణుకు వస్తుంది. బరువు సంగతి బ్యాలెన్సింగ్ మిషన్ చూస్తుంది. ముందు పార్టులు మార్చాక అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి, నిజమే. కానీ వణుకుకు మందు అది కాదు.

నా సబ్జెక్టు కాబట్టి ఒక లెక్క వేసి చూశాను. 14 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాములు తేడా ఉందనుకోండి, అంటే ఎనిమిదో తొమ్మిదో రూపాయి బిళ్లల బరువన్నమాట. 100 వేగంలో చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 30 గ్రాములు చక్రాన్ని సుమారు 5 కిలోల బలంతో బయటికి లాగుతాయి, సెకనుకు 15 సార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి. మరి 105 దాటితే ఎందుకు పోయింది? ఉయ్యాల ఊపేటప్పుడు దాని లయకు సరిగ్గా తోస్తేనే ఎక్కువ ఊగుతుంది కదా, లయ తప్పి తోస్తే ఊగదు. చక్రానికీ దాని స్ప్రింగుకూ, టైరు రబ్బరుకూ కలిపి అలాంటి సొంత లయ ఒకటి ఉంటుంది, చిన్న కార్లలో అది ఇంచుమించు ఈ వేగాల్లోనే తగులుతుంది. వణుకు మాయమైందంటే జబ్బు తగ్గిందని కాదు, లయ తప్పిందని.

సరే, బయట ఒక టైర్ల షాపులో బ్యాలెన్సింగ్ చేయించాను. మిషన్ మీద సున్నా, సున్నా వచ్చింది. షాపతను “టైర్లు పాతవి మేడమ్” అన్నాడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని, అది చూపించాడు. చెప్పింది తప్పేం కాదు, ఆ వయసు టైర్లలో లోపలి పొరలు వదులైతే ఇలాగే ఊగుతుందట. ముందుకు రెండు కొత్త టైర్లు వేయించాను. వణుకు ఇసుమంత తగ్గినట్టు నాకు అనిపించింది, డబ్బు పెట్టాం కదా, అనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఉంగరం మళ్లీ టకటక.

డిసెంబరు చివరికి ఇంకోటి తోడైంది. బీబీనగర్ టోల్ దగ్గర బ్రేకు వేస్తే పెడల్ పాదం కింద దడదడలాడుతోంది, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఈసారి గ్యారేజీవాళ్లు చాలా ధైర్యంగా చెప్పారు: “డిస్కులు బెండ్ అయ్యాయి మేడమ్, రెండూ మార్చాలి, ప్యాడ్లతో కలిపి తొమ్మిదివేలు.” డిస్కంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం, ప్యాడ్లు దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపుతాయి. ఇంతకుముందు ‘అనిపిస్తోంది’ అన్నవాళ్లకు తొమ్మిదివేల పని కనపడగానే నాకు అనిపించడం ఆగిపోయిందన్నమాట.

మార్పించేదాన్నే. మా కాలేజీ అటెండర్ వాళ్ల తమ్ముడు నాచారంలో ఒక మెకానిక్ భాయ్ దగ్గర పనిచేస్తాడు, ‘ఒక్కసారి చూపించండి మేడమ్’ అంటే ఆదివారం వెళ్లాను. రేకుల షెడ్డు, లిఫ్ట్ ఒకటే. భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. బండి ముందు కూర్చుని బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. టీ చెప్పి, స్టూల్ మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

“ఎప్పుడు ఊగుతది మేడమ్? ఎంతల మొదలైతది, ఎంతల ఆగుతది?”

చెప్పాను.

“చేతుల ఊగుతదా, కూసున్న సీటుల ఊగుతదా?”

చేతుల్లోనే. సీటులో, కాళ్ల కింద ఎక్కువగా తెలిస్తే వెనక చక్రాలను అనుమానించాలట.

“ఊగేటప్పుడు క్లచ్ తొక్కి చూసిన్రా?”

చూడలేదు. ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 90లో క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఇంజిన్‌కూ చక్రానికీ లంకె తెగుతుంది. అప్పటికీ ఊగుతుంటే ఇంజిన్‌కు సంబంధం లేదు, చక్రాల వైపే వెతకాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే ఊగి, కాలు తీయగానే ఆగిపోతే, ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటును చూడాలి. ముందు రిపేరులో షాఫ్ట్ బయటికి లాగి మళ్లీ పెట్టి ఉంటారు కాబట్టి ఆ అనుమానం తప్పకుండా రావాలి. బండి నిలబడి ఉండగా, ఏసీ వేయగానే స్టీరింగ్ వణికితే అది ఇంజిన్ మౌంటింగ్, అంటే ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మ, దానికి టైర్ల షాపుకు వెళ్లడం దండగ. ఇరవై ముప్ఫైలోనే బండి బాతు నడకలా అటూ ఇటూ ఒరుగుతుంటే టైరు లోపల పొర లేచిందేమో, రిమ్ము వంగిందేమో చూడాలి, అలాంటి దానితో హైవే ఎక్కొద్దు. బ్రేకు వేసినప్పుడే ఊగితే డిస్కు, దాని వెనకున్న హబ్బు, అంటే చక్రాన్నీ డిస్కునూ బిగించే ఇనుప భాగం.

“బ్రేకుది ఎప్పటినుంచి? మొదటినుంచే ఉండెనా, తర్వాత వచ్చిందా?” అనడిగాడు. మూడు నెలల తర్వాత వచ్చిందన్నాను. “అట్లనా” అని టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. అతనికి అప్పుడే తెలిసిపోయిందని నాకు తర్వాత అర్థమైంది.

ముందు నన్నే నడపమని పక్కన కూర్చున్నాడు. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాటి హైవే మీద ఘట్‌కేసర్ దాకా వెళ్లాం, ఆదివారం పొద్దున కాబట్టి 90 అందింది. ఊగింది. క్లచ్ తొక్కాను, ఊగుతూనే ఉంది. “ఊగుతున్నది” అన్నాడు, అంతే. నాలుగు నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైందంటే మీరు నవ్వుతారు.

షెడ్డుకు వచ్చాక ముందు చక్రాలు రెండూ తీసి వెనకకు, వెనకవి ముందుకు వేశాడు. మళ్లీ హైవే. మళ్లీ అదే వేగంలో, అదే చేతుల్లో అదే వణుకు. అంటే చక్రంతో పాటు జబ్బు వెనక్కి వెళ్లలేదు, ముందే ఉండిపోయింది. టైరు కాదు, రిమ్ము కాదు. నేను కొన్న కొత్త టైర్లు అనవసరం అని తేలడానికి ఒక జాకీ, ఒక పానా, ఇరవై నిమిషాలు సరిపోయాయి. టైర్ల మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కు, అందుకని అటు చక్రం ఇటు కాకుండా ఒకే పక్కన ముందువెనకలు మార్చాలి. ఇది ఇంట్లోనైనా చేసుకోవచ్చు.

తర్వాత చేసింది చూసి నా ప్రాక్టికల్స్ గుర్తొచ్చాయి. ముందు భాగం జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టాడు, రిమ్ము అంచుకు అగ్గిపుల్ల మందం ఎడంలో స్క్రూడ్రైవర్ కొన నిలబెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. కుడి చక్రం అదే ఎడంతో తిరిగింది. ఎడమది ఒక చోట కొనకు దగ్గరగా వచ్చి, సగం చుట్టు తర్వాత దూరం జరిగింది. దగ్గరికొచ్చిన చోట రిమ్ము మీద ఒకటి, లోపల హబ్బు మీద ఒకటి సుద్దముక్కతో గీత పెట్టాడు. నట్లు విప్పి, చక్రాన్ని ఒక బోల్టు పక్కకు జరిపి మళ్లీ బిగించాడు. తిప్పాడు. ఈసారి రిమ్ము మీది గీత వేరే చోటికి పోయింది, కానీ స్క్రూడ్రైవర్‌కు దగ్గరగా వచ్చేది మాత్రం హబ్బు మీది గీత ఉన్న చోటే. వంకర చక్రంలో లేదు, చక్రం కూర్చునే హబ్బులో ఉంది.

పక్క లేత్ షాపు నుంచి డయల్ గేజ్ తెప్పించాడు, సన్నటి వంకరను కూడా సూదితో చూపించేది. చక్రం, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్, డిస్కు తీసి, హబ్బు ముఖం ఎమరీ కాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, బోల్టుల బయట అంచు మీద గేజ్ ముల్లు ఆనించాడు. తిప్పు మేడమ్ అని నన్నే తిప్పమన్నాడు. సూది అటు పోయి ఇటు వచ్చింది. ఇరవై ఏడు గీతలు. ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు. అక్కడ ఐదారు గీతలు దాటకూడదట. పావు మిల్లీమీటరే కదా అనుకోకండి. హబ్బు అంచు మధ్య నుంచి 7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, టైరు నేలకు ఆనే చోటు 29 సెంటీమీటర్ల దూరంలో. అంటే నాలుగింతలు. ఇక్కడి పావు మిల్లీమీటరు అక్కడికి వెళ్లేసరికి మిల్లీమీటరు దాటుతుంది.

బ్యాలెన్సింగ్ మిషన్ సున్నా ఎందుకు చూపించిందో అప్పుడు తెలిసింది. చక్రాన్ని తీసి మిషన్ తన సొంత కడ్డీకి బిగించుకుంటుంది. ఆ కడ్డీ సవ్యంగా ఉంటుంది. నా కారు హబ్బు వంకర దానికెలా తెలుస్తుంది? మిషన్ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది.

బ్రేకు సంగతీ అందులోనే ఉంది. వంకర హబ్బు మీద డిస్కు కూడా వంకరగానే తిరుగుతుంది, ప్రతి చుట్టులోనూ ఒకే చోట ప్యాడ్‌కు తగులుతుంది. నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ సన్నగా అరిగి, డిస్కు మందంలో తేడా వస్తుంది. అప్పుడు బ్రేకు వేస్తే పెడల్ కొట్టుకుంటుంది. బండికి మూడు నెలలు అందుకే పట్టింది. గ్యారేజీ చెప్పినట్టు తొమ్మిదివేలు పెట్టి డిస్కులు మార్చి ఉంటే కొన్నాళ్లు హాయిగా ఉండి, మళ్లీ ఎండాకాలానికి అవి కూడా అలాగే అయ్యేవి. అప్పుడేం చెప్పేవారో, మీ డ్రైవింగ్ మేడమ్ అనేవారేమో.

నాకు కోపం వచ్చింది దీనిమీద కాదు. బిల్లులో బేరింగ్ మార్చినట్టు ఉంది కదా. ఈ రకం కార్లలో బేరింగ్ మార్చాలంటే హబ్బును ప్రెస్‌లో, అంటే బలంగా నొక్కే మిషన్‌లో పెట్టి బయటికి తీసి, కొత్త బేరింగ్ నొక్కి, మళ్లీ హబ్బును అందులోకి నొక్కాలి. అంటే ఆ వంకర హబ్బు ఎవరో ఒకరి చేతిలోకి వచ్చింది. డివైడర్‌ను అడ్డంగా గుద్దుకున్న చక్రం, వంగిన రిమ్ము కళ్లెదుటే ఉంది. దాని వెనకున్న హబ్బు వంగిందేమో అని ఐదు నిమిషాలు గేజ్ పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదటి లిస్టులో హబ్బు లేదు కాబట్టి వదిలేశామని తర్వాత నాతో అన్నారు. విప్పాక కొత్త దెబ్బ కనపడితే సర్వేయర్‌ను మళ్లీ పిలిచి అదనపు ఎస్టిమేట్ వేయించుకునే వీలుంది, వాళ్లకు తెలియనిదేం కాదు.

భాయ్ చెప్పిన ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. లూజు పార్టు వణుకు పుట్టించదు మేడమ్, మోసుకొస్తది అన్నాడు. టై రాడ్ ఎండ్ అరిగిందనో, లోయర్ ఆర్మ్ బుష్, అంటే దాని కీలులోని రబ్బరు, పోయిందనో ఒక్కొక్కటే మారుస్తూ పోతారు, ఒక్కోసారి వణుకు కాస్త తగ్గుతుంది కూడా, ఎందుకంటే చక్రం దగ్గర పుట్టిన అదురు చేతిదాకా రావడానికి సందు తగ్గింది. పుట్టిన చోట అది అలాగే ఉంటుంది. అలాగని లూజు పార్టును వదిలేయమని కాదు. గుంతల్లో టకటక, కటకట వినపడితే బాల్ జాయింట్, లింక్ రాడ్ చూపించుకోవాల్సిందే, బాల్ జాయింట్ ఊడితే చక్రం మడతపడుతుంది. రెండు జబ్బుల్ని ఒక్కటి చేసుకోవద్దని చెబుతున్నాను.

బుష్‌ల దగ్గర ఇంకో గడుసు సంగతి చూపించాడు. కొత్త లోయర్ ఆర్మ్ వేసినప్పుడు దాని బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే, కిందికి దించగానే బుష్ రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ మెలిలోనే ఉంటుంది, ఏళ్లు రావాల్సింది నెలల్లో చిరుగుతుంది. నాదాన్ని వదులు చేసి మళ్లీ బిగించాడు, టక్‌మని చప్పుడు వచ్చింది, రబ్బరు ఊపిరి తీసుకున్నట్టు.

హబ్బు, బేరింగ్ పుత్లీబౌలిలో దొరికాయి. బేరింగ్ మొన్ననే మార్చింది కదా, అదే వాడొచ్చు కదా అన్నాను. హబ్బును ప్రెస్‌లో బయటికి నెట్టేటప్పుడు ఆ ఒత్తిడంతా బేరింగ్ గుండ్ల మీద పడుతుంది, లోపల గుంటలు పడతాయి, మళ్లీ వాడితే నెలలో గుంయ్‌మంటుంది అన్నాడు. సరే అన్నాను. డిస్కును లేత్‌లో పట్టించి నునుపు చేయించాడు, ఇంకా మందం ఉంది కాబట్టి. మందం ఎంత దాకా తగ్గొచ్చో డిస్కు మీదే అంకె ఉంటుంది, అది దాటితే పట్టించకూడదు, మార్చాలి. చక్రం నట్లు గన్‌తో బర్రుమని కొట్టకుండా, చక్రం గాల్లో ఉండగానే చేత్తో ఎదురెదురుగా ఆనించి, కిందికి దించాక, ఎంత బిగువు పడిందో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించాడు. ఎంత బిగించాలో బండి పుస్తకంలో ఉంటుంది. నేలమీద బరువుండగా ఒక పక్క నుంచి బిగిస్తూ వస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు జరిగి కూర్చోవచ్చు. ఆ రాత్రి దానికీ లెక్క వేశాను. రిమ్ము, టైరు కలిపి 14 కిలోలు అనుకుంటే, అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే చాలు, రిమ్ము అంచున 40 గ్రాములు వేలాడదీసినంత తేడా. నట్లు బిగించడం రాని చోట బ్యాలెన్సింగ్ చేయించి ఏం లాభం!

అంతా కలిపి డిస్కుల మార్పిడికి వాళ్లడిగిన దానిలో సగం కాస్త పైన అయింది. చివర్లో అలైన్‌మెంట్ చేయించమని భాయే పంపాడు, అప్పుడు దాని వంతు వచ్చింది కాబట్టి.

పాత హబ్బు పట్టుకుని గ్యారేజీకి వెళ్లాను. మేనేజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి “బయటివాళ్లు ప్రెస్ చేసేటప్పుడు వంగి ఉంటుంది మేడమ్” అన్నాడు. ప్రెస్ చేయకముందే గేజ్ పెట్టి తీసిన వీడియో ఫోన్‌లో చూపించాను. అప్పుడు స్వరం మారింది. వాషింగ్ ఫ్రీగా చేసి పెడతామన్నారు. నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దానిమీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేస్తాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం సేవలో లోపం మీద రెండేళ్లలోపు వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. వెళ్తానో లేదో చెప్పలేను, పరీక్షల సీజన్ వస్తోంది. కాగితాలు మాత్రం దాచాను.

గ్యారేజీవాళ్లకు చెప్పేది పెద్దగా ఏం లేదు. ముందు భాగం విప్పిన బండిని ఇచ్చే ముందు కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి హైవే వేగంలో నడపండి. 40లో కాదు. వైబ్రేషన్ అని మళ్లీ వస్తే అలైన్‌మెంట్ కాగితం తీసే ముందు, పోయినసారి ఏం విప్పారో ఆ బిల్లు తీయండి. కొత్తగా వచ్చిన జబ్బు కొత్తగా చేయి పెట్టిన చోటే ఉండే అవకాశం ఎక్కువ. ఇది భాయ్ కూడా చెప్పలేదు, మా అమ్మ వంటింట్లో చెబుతుంది: చారు ఉప్పగా ఉంటే పొయ్యిని తిట్టకు, ఇందాక ఏం వేశావో చూడు అని. మేడమ్ వచ్చి ఊగుతోందంటే సార్‌ని పిలవకండి, స్టీరింగ్ పట్టుకున్నది మేడమే.

ఇక రోడ్ల గురించి ఎవరైనా రాస్తారు, నేను రాయను. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఒక్కసారి మీ విలేకరిని బైక్ మీద పంపండి చాలు, వాన పడ్డ మర్నాడు.

ఇప్పుడు 90లో ఉంగరం చప్పుడు లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి చూపించుకోమన్నాడు, శనివారం నాచారం వెళ్లాలి.

చోటు చాలకపోతే మీరు కత్తిరిస్తారని తెలుసు. నా కథ ఎంతైనా తీసేయండి, భాయ్ అడిగిన ప్రశ్నలు, ముందు చక్రం వెనక్కి మార్చి చూసే పద్ధతి మాత్రం ఉంచండి, అవి ఉంటే చాలు. ఆ కొత్త టైర్ల విషయం తప్పకుండా తీసేయండి. ఇంట్లో ఆ లెక్క ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బోడుప్పల్, హైదరాబాద్